అంతర్వేది ఆవల, వెయ్యి మీటర్ల అడుగున

వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే అంతర్వేది నుంచి ఆగ్నేయంగా సుమారు 70 కిలోమీటర్లు వెళితే 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 82 డిగ్రీల 20 నిమిషాల తూర్పు రేఖాంశం కలిసే చోటు వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిన ఓడల జాబితాల్లో ఈ అంకెల ఎదురుగా రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి డార్డానస్, రెండోది గాందారా. రెండూ బ్రిటిష్ సరుకు ఓడలు. రెండూ 1942 ఏప్రిల్ 6నే మునిగాయి.

ఆ రోజు కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయన్న సంగతి తాతల నోట విన్నవాళ్లు గోదావరి జిల్లాల్లో ఇంకా ఉన్నారు. అదే రోజు మన తీరానికి అటువైపు సముద్రంలో ఏం జరిగిందో విన్నవాళ్లు మాత్రం చాలా తక్కువ. పాఠ్యపుస్తకాల్లో ఆ యుద్ధమంటే హిట్లరు, హిరోషిమా. గోదావరి మొగల ముందు జరిగిన పోరు అందులో ఒక్క వాక్యంగానైనా లేకపోవడం నాకు లోటుగానే తోస్తుంది.

అసలు జపాను నౌకలు ఇంత దూరం ఎందుకు వచ్చాయి? 1942 మార్చి 8న రంగూన్ జపాను చేతికి చిక్కింది. మార్చి 23న అండమాన్ దీవులు పోయాయి. కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగూన్‌కు వలసపోయి అక్కడి మిల్లుల్లో, రేవులో కాయకష్టం చేసుకుంటున్న వేలాది తెలుగు కూలీలు కట్టుబట్టలతో అడవుల వెంట తిరుగుముఖం పట్టారు. బర్మాలోని జపాను సైన్యానికి ఇక సరఫరాలన్నీ సముద్రం మీదే రావాలి. అందుకు బంగాళాఖాతంలో బ్రిటిష్ ఓడల రాకపోకలు ఆగాలి. మరోవైపు కలకత్తా రేవు ఓడలతో కిక్కిరిసి ఉంది. అక్కడే ఉంచితే విమానదాడికి చిక్కుతాయని వాటిని దక్షిణానికి పంపడం మొదలుపెట్టారు. తోడు వెళ్లడానికి యుద్ధనౌకలు చాలినన్ని లేవు.

ఏప్రిల్ 1న వైస్ అడ్మిరల్ ఒజావా జిసబురో దళం దక్షిణ బర్మాలోని మెర్గుయి నుంచి బయల్దేరింది. ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక, చోకై, కుమానో, సుజుయా, మికుమా, మొగామి అనే భారీ క్రూజర్లు, వాటి వెంట డిస్ట్రాయర్లు. ఏప్రిల్ 5న మరో జపాను దళం కొలంబో మీద విరుచుకుపడింది. అందరి కళ్లూ సింహళం వైపు ఉన్న ఆ రాత్రి ఒజావా తన దళాన్ని మూడుగా విడదీశాడు. ఒక భాగం ఒరిస్సా తీరం వైపు సాగింది. చోకై, ర్యూజోలున్న భాగం మధ్యలో నిలిచింది. మికుమా, మొగామి క్రూజర్లు, అమగిరి డిస్ట్రాయరు కలిసిన దక్షిణ భాగం గోదావరి డెల్టా ముందున్న ఓడల దారిని పట్టింది.

మర్నాడు ర్యూజో విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. డార్డానస్, గాందారాల కథ కొంత ముందే మొదలైంది. విమానాల దాడిలో రెండింట్లో ఒకటి నడక కోల్పోయింది. రెండోది దాని మానాన దాన్ని వదిలేసి పోలేదు. లావుపాటి తాడు కట్టి లాగుతూ బయల్దేరింది. వెంట ఒక చచ్చుబడ్డ ఓడను లాగుతున్న ఓడ ఎంత వేగం పోగలదు? ఆ జంట క్రూజర్ల కంట పడింది. ఫిరంగులు పేలాయి, టార్పెడోలు దూసుకొచ్చాయి, రెండూ మునిగాయి. డార్డానస్ 1923లో కట్టిన ఓడ, 7,700 టన్నులది, లివర్‌పూల్‌కు చెందిన బ్లూ ఫన్నెల్ కంపెనీది. ఆ ఏప్రిల్ మొదటి పది రోజుల్లో ఒజావా దళం బంగాళాఖాతంలో ముంచిన సరుకు ఓడలు ఇంచుమించు 20. నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం ఈ రెండే. తాడు విప్పేసుకుని ఉంటే రెండో ఓడకు తప్పించుకునే వీలు కాస్తయినా ఉండేదేమో.

ముంచినవాటి గతీ సముద్రమే అయింది. సరిగ్గా రెండు నెలలకు, జూన్ 6న, మిడ్‌వే పోరులో అమెరికా విమానాలు మికుమాను ముంచాయి. ఆగస్టులో సాలమన్ దీవుల దగ్గర ర్యూజో పోయింది. అమగిరి 1943లో ఒక చిన్న అమెరికన్ టార్పెడో పడవను గుద్ది రెండు ముక్కలు చేసింది. ఆ పడవ నడుపుతున్న యువకుడే తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనెడీ. మరుసటి ఏడు అమగిరి బోర్నియో, సులవేసీ దీవుల మధ్య మందుపాతర తగిలి మునిగింది. 2003లో డైవర్లు దాన్ని 30 మీటర్లలోపు లోతులోనే కనుగొన్నారు. మొగామి, చోకై రెండూ 1944 అక్టోబరు 25న ఫిలిప్పీన్స్ దగ్గర మునిగాయి. మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్ సమకూర్చిన పెట్రెల్ అనే పరిశోధక ఓడ 2019లో ఆ రెండింటినీ వెతికి పట్టుకుంది. మొగామి 1,450 మీటర్ల లోతున, చోకై 5,173 మీటర్ల లోతున ఉన్నాయి. వేటాడిన ఓడల బొమ్మలు ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు. వేటకు బలైన ఓడల మీద కూడా అంత శ్రద్ధ పెట్టాలని అడగడానికే ఈ వ్యాసం.

మరి మన రెండు ఓడలూ ఎంత లోతున ఉండి ఉంటాయి? గోదావరి మొగల దగ్గర సముద్రం చాలా మేర లోతు తక్కువ. 1867 జూన్ 19న మద్రాసు నుంచి కలకత్తా వెళుతున్న సాక్రమెంటో అనే అమెరికన్ యుద్ధనౌక ఇక్కడి మెరకలోనే చిక్కుకుని పగిలిపోయింది. అందులోని వాళ్లందరూ బతికి బయటపడ్డారు. ఆ మెరకను ఇప్పటికీ నావికుల పటాల్లో సాక్రమెంటో పేరుతోనే పిలుస్తారు. కానీ తీరం నుంచి కొన్ని పదుల కిలోమీటర్లు దాటేసరికి నేల ఒక్కసారిగా జారిపోతుంది. 2006లో గ్యాస్ హైడ్రేట్ల (సముద్రపు నేలలో మంచులా గడ్డకట్టిన సహజవాయువు) కోసం జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు ఓడ కృష్ణా గోదావరి బేసిన్‌లో తవ్విన ఒక చోట నీటి లోతు 1,038 మీటర్లు. మన ఓడలు మునిగిన చోటు దానికి తూర్పుగా 50 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, తీరానికి ఇంకా ఎడంగా ఉంది. అంటే లోతు అంతకంటే ఎక్కువే. మత్స్యకారుల లెక్కలో చెప్పాలంటే ఐదు వందల బారల పైమాటే.

అక్కడికి మనిషి దిగగలడా? డైవింగ్ వేషంలో అయితే దిగలేడు. ఎందుకు దిగలేడో తెలుసుకుంటే మునిగిన ఓడల దగ్గరికి వెళ్లేవాళ్లు ఎంత ప్రాణాపాయంతో పనిచేస్తారో అర్థమవుతుంది.

నీటిలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. ఒడ్డున మన మీద ఉండేది ఒకటి. 30 మీటర్ల దగ్గర నాలుగు, 100 మీటర్ల దగ్గర పదకొండు. వెయ్యి మీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరుకు క్వింటాలు బరువు మోపినట్టు లెక్క. శరీరంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి ఒత్తిడికి కండ నలిగిపోదు. ప్రమాదమంతా పీల్చే గాలితో వస్తుంది. లోతులో ఊపిరితిత్తులు కుచించుకుపోకుండా ఉండాలంటే చుట్టూ ఉన్న నీటికి సమానమైన ఒత్తిడితో గాలి అందాలి. అంత ఒత్తిడిలో మనకు అలవాటైన గాలే మత్తుమందవుతుంది, ఆపైన విషమవుతుంది. సుమారు 30 మీటర్లు దాటితే నత్రజని మెదడును మందగింపజేస్తుంది. తాగినవాడిలా డైవరు నవ్వుతాడు, గేజీ చూసుకోవడం మరుస్తాడు. 60 మీటర్లు దాటితే గాలిలోని ఆక్సిజనే మూర్ఛ తెప్పించే స్థాయికి చేరుతుంది. నీటి అడుగున మూర్ఛ వస్తే బతకడం కష్టం.

అందుకే లోతుకు వెళ్లేవాళ్లు గాలిలో నత్రజనిని, ఆక్సిజన్‌ను తగ్గించి హీలియం కలుపుతారు. హీలియం మత్తెక్కించదు. కానీ ఒంటి వేడిని త్వరగా లాగేస్తుంది, గొంతును కీచుగా మార్చి మాట అర్థం కాకుండా చేస్తుంది, 150 మీటర్ల దిగువన చేతులు వణికిస్తుంది. లోతు పెరిగేకొద్దీ ఒక చిక్కు విప్పితే ఇంకో చిక్కు ఎదురవుతుంది.

వీటన్నిటికంటే కష్టం పైకి రావడం. ఒత్తిడిలో పీల్చిన వాయువులు రక్తంలో, కొవ్వులో, కీళ్లలో కరిగిపోయి ఉంటాయి. గబుక్కున పైకి తేలితే గోళీసోడా మూత నొక్కగానే బుడగలు ఎగదన్నినట్టు అవి ఒంట్లోనే బుడగలవుతాయి. కీళ్లలో చేరితే విపరీతమైన నొప్పి, వెన్నుపాములో చేరితే పక్షవాతం, ఇంకా తీవ్రమైతే మరణం. ఈ జబ్బుకు లెక్క కట్టి దారి చూపినవాడు జాన్ స్కాట్ హాల్డేన్. మేకలను ఒత్తిడి గదుల్లో పెట్టి పరీక్షలు చేసి, ఏ లోతు నుంచి ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగుతూ రావాలో 1908లో పట్టికలు వేశాడు. ఈ రోజు డైవర్ల చేతికి ఉండే కంప్యూటర్లు చేసేదీ అదే లెక్క, ఇంకా సూక్ష్మంగా.

ఇదే దండయాత్రలో, 1942 ఏప్రిల్ 9న, శ్రీలంక తూర్పు తీరంలో బట్టికలోవా దగ్గర మునిగిన బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మిస్ సుమారు 53 మీటర్ల లోతున ఉంది. 300 మందికి పైగా నావికులు దానితో పోయారు. శిక్షణ పొందిన డైవర్లు ఇప్పుడు అక్కడికి దిగుతున్నారు. వినోదం కోసం డైవింగ్ చేసేవాళ్లకు పెట్టిన హద్దు 40 మీటర్లు. కాబట్టి హెర్మిస్‌కు దిగాలంటే వేరే వాయు మిశ్రమాలు, వేరే శిక్షణ, ఆరోగ్యం, ఓపిక అన్నీ కావాలి. అడుగున గడిపే నిమిషాల కంటే తాడు పట్టుకుని మెట్టుమెట్టుకూ ఆగుతూ పైకి వచ్చే నిమిషాలే ఎక్కువ.

లోతున ఏ పని చేయాలన్నా ఎంత కష్టమో మన వాళ్లు కళ్లారా చూశారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర మునిగినప్పుడు, సుడులు, వరద, బురదల మధ్య దాన్ని బయటకు తీయడానికి ఐదు వారాలు దాటింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప తాళ్లు, యాంకర్లు వేసి, డైవర్ల సాయంతో అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకు చేర్చింది. అది నది. సముద్రంలో వెయ్యి మీటర్లంటే వేరే లోకం.

ఇంకా లోతుకు పోయే మార్గం ఒకటుంది. డైవర్లను ఒత్తిడి గదిలోనే రోజుల తరబడి ఉంచుతారు. అక్కడే తిండి, అక్కడే నిద్ర. ఒంట్లో పట్టగలిగినంత వాయువు పట్టేశాక ఇంకెన్ని రోజులున్నా అదనంగా పట్టదు, కాబట్టి పని అంతా అయ్యాక చివర్లో ఒకేసారి, రోజుల తరబడి, నెమ్మదిగా ఒత్తిడి తగ్గిస్తారు. 1981లో బ్రిటిష్ క్రూజరు ఎడిన్‌బరో నుంచి 245 మీటర్ల లోతున 431 బంగారు కడ్డీలను డైవర్లు చేత్తో తీసింది ఈ పద్ధతిలోనే. 1988లో కోమెక్స్ అనే ఫ్రెంచి సంస్థ డైవర్లు సముద్రంలో 534 మీటర్ల దాకా దిగి పనిచేశారు. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టి 2025 జులైలో నౌకాదళానికి అందించిన ఐఎన్ఎస్ నిస్తార్ మన డైవర్లను ఈ పద్ధతిలో 300 మీటర్ల దాకా దించగలదు. మన పొరుగున తయారైన ఓడకు ఈ శక్తి ఉండటం గర్వించదగ్గ సంగతి.

వెయ్యి దాటిన లోతులో పని యంత్రాలదే. అదేమీ ఊహ కాదు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తయారుచేసిన రోసబ్ 6000 అనే యంత్రం కృష్ణా గోదావరి బేసిన్‌లోనే గ్యాస్ హైడ్రేట్ల చోట అడుగుకు దిగి చిత్రాలు తీసింది. కాకినాడ ఆవల గ్యాస్ బావుల దగ్గర ఇలాంటి రోబోలు కవాటాలు తిప్పడం, గొట్టాలు పరిశీలించడం వంటి పనులు చేస్తుంటాయి. 1941లో అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గామి ముంచిన గైర్‌సొప్ప అనే ఓడ మన కర్ణాటకలోని గేరుసొప్ప పేరు పెట్టుకున్న ఓడ. దాన్ని 2011లో 4,700 మీటర్ల లోతున కనుగొన్నారు, తర్వాత యంత్రాలతో వంద టన్నుల పైన వెండి పైకి తెచ్చారు. వెండి ఉందని తెలిస్తే అంత లోతూ అడ్డు రాలేదు.

వెతకడంలో మొదటి చిక్కు ఆ అంకెల్లోనే ఉంది. 16 డిగ్రీలు, 82 డిగ్రీల 20 నిమిషాలు అనేవి చూడగానే గుండ్రంగా సరిచేసిన అంకెలని తెలుస్తుంది. అక్షాంశంలో ఒక్క నిమిషం తేడా అంటే 1,852 మీటర్లు. ఐదారు నిమిషాలు అటూ ఇటూ అయినా వందల చదరపు కిలోమీటర్లు గాలించాలి. పైగా మార్చి, ఏప్రిల్ నెలల్లో మన తీరం వెంట ప్రవాహం ఈశాన్యంగా ఉరుకుతుంది. ఇంజను ఆగిన ఓడ మునిగే లోపు ఎంతో కొంత కొట్టుకుపోతుంది. అడుగున ధ్వనితరంగాలు పంపి నేల రూపం గీసే సోనార్ పరికరాలతో పట్టీలు పట్టీలుగా గాలించి, అనుమానం వచ్చిన చోట కెమెరా దించాలి.

ఓడ ఏ స్థితిలో ఉంటుందన్నది బంగాళాఖాతం స్వభావాన్ని బట్టి ఉంటుంది. గోదావరి, కృష్ణ, మహానది, గంగ ఇంత మంచినీటిని తెచ్చి పోయడం వల్ల ఈ సముద్రం పై పొర తేలికగా, అడుగు పొరలతో కలవకుండా ఉండిపోతుంది. పైనుంచి ఆక్సిజన్ కిందికి సరిగా దిగదు. సుమారు 100 నుంచి 600 మీటర్ల దాకా నీటిలో ఆక్సిజన్ అతి తక్కువ. ఆ కిందికి పోతే మళ్లీ కొంత కొంతగా పెరుగుతుంది. కాబట్టి మన ఓడలు ప్రాణవాయువు కరువైన పొరను దాటి, ఆరేడు డిగ్రీలకు మించని చలిలో, వెలుగన్నది లేని చోటికి చేరాయి. ఉక్కుకు సముద్రపు తుప్పు మామూలుగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు తింటుందని అంచనా. 80 ఏళ్లకు 8 మిల్లీమీటర్లు. ఓడ పక్కల రేకు మందం రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు కనుక సగానికి దగ్గర పడ్డట్టే. లోతైన చల్లటి నీటిలో ఇది ఇంకా నెమ్మదిగా జరుగుతుంది. టైటానిక్ మీద ఇనుమును కరిగించే తుప్పు వేళ్లలో ఒక కొత్త బ్యాక్టీరియాను కనుగొని 2010లో ఆ ఓడ పేరే పెట్టారు. అలాంటి సూక్ష్మజీవులు మన ఓడల మీద ఏవి చేరాయో చూస్తే సముద్ర జీవశాస్త్రానికీ కొత్త సంగతులు దొరుకుతాయి.

మన తీరంలో యుద్ధ శిథిలాలు ఇవి రెండే కావు. 1944 ఫిబ్రవరి 11న కొలంబో నుంచి కలకత్తా పోతున్న ఓడల గుంపు మీద రో-110 అనే జపాను జలాంతర్గామి దాడిచేసి ఆస్ఫాలియన్ అనే సరుకు ఓడను దెబ్బతీసింది. భారత నౌకాదళపు జమున, ఆస్ట్రేలియా నౌకలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ దాన్ని వెంటాడి విశాఖకు దక్షిణాన ముంచాయి. 47 మంది జపాను నావికులు అందులోనే పోయారు. అప్పటి మన నౌకాదళంలో గోదావరి పేరుతోనూ ఒక యుద్ధనౌక ఉండేది. అదే ఏడు ఆగస్టులో సీషెల్స్ దగ్గర జర్మన్ జలాంతర్గామి యు-198ని ముంచడంలో దానికి భాగముంది. ఇక 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ ముందు మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ సంగతి అందరికీ తెలుసు. 90 మందికి పైగా దానితోనే పోయారు. మన నౌకాదళం లోతుకు దిగే తన రక్షణ వాహనంతో ఆ శిథిలాన్ని గుర్తించిందని 2024లో వార్తలొచ్చాయి. చనిపోయినవాళ్ల మీద గౌరవంతో దాన్ని కదపలేదు. శత్రువు సమాధిని కూడా సమాధిగానే చూసిన ఆ పద్ధతి సరైనది.

ఈ మర్యాద అన్నిచోట్లా లేదు. 1942లో జావా సముద్రంలో మునిగిన డచ్చి యుద్ధనౌకలను చూద్దామని 2016లో డైవర్లు వెళితే, అక్కడ ఓడలు లేవు, అవి ఆనిన గుంతలే మిగిలాయి. ఇనుము కోసం దొంగలు మొత్తం ఎత్తుకుపోయారు. నీటి అడుగు వారసత్వాన్ని కాపాడే యునెస్కో ఒప్పందం 2001లో వచ్చింది. వందేళ్లు నీటిలో ఉన్నవాటికే అది వర్తిస్తుంది. డార్డానస్, గాందారాలకు ఆ వయసు 2042 ఏప్రిల్‌లో వస్తుంది. ఆలోపు అవి ఎక్కడున్నాయో మనకు తెలిసి ఉండాలి.

ఇది ఇంగ్లీషు కంపెనీల ఓడల కథే కదా, మనకెందుకు అనేవాళ్లకు ఒక్క మాట. ఆ కాలపు బ్రిటిష్ సరుకు ఓడల్లో బొగ్గు ఎత్తి, ఇంజను తుడిచి, తాళ్లు లాగి, వంట చేసినవాళ్లలో భారతీయ కళాసీలు వేలకు వేలు. ఆ యుద్ధంలో మరణించిన భారతీయ వాణిజ్య నావికులు ఆరు వేలకు పైమాటే. చాలామందికి సమాధి లేదు. వాళ్ల పేర్లు రాసిన పుస్తకాలు చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో ఒకటి, ముంబైలో ఒకటి ఉన్నాయి. ఆ ఏప్రిల్‌లో బంగాళాఖాతంలో పోయినవాళ్లకు సముద్రపు నేలే శ్మశానం.

కాబట్టి కోరేది ఇదీ. కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాస్ కోసం సంస్థలు సేకరించిన సోనార్ చిత్రాలను ఓడల కోసం ఒకసారి తిరగేయాలి. విశాఖలో ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, ఆంధ్ర విశ్వవిద్యాలయం, చెన్నై సంస్థ, పురావస్తు శాఖ నీటి అడుగు విభాగం కలిస్తే ఈ పని మన చేతిలోదే. వలలు చిక్కుకునే చోట్లు ఏవో అంతర్వేది, ఉప్పాడ, కాకినాడ మత్స్యకారులకు తెలుసు. లోతు తక్కువ చోట్ల శిథిలాల వెతుకులాట వాళ్లను అడగడంతోనే మొదలుపెట్టాలి. దొరికినవాటిని తవ్వి తీయనక్కర్లేదు. చిత్రాలు తీసి, పటంలో గుర్తుపెట్టి, చట్టంతో కాపాడితే చాలు. కాకినాడ రేవులో ఆ తేదీ, ఆ రెండు ఓడల పేర్లు చెక్కిన రాయి ఒకటి నిలబెట్టడానికి సోనార్ కూడా అక్కర్లేదు. ఇక పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో తాతో ముత్తాతో ఆ రోజుల్లో కలకత్తా, రంగూన్ ఓడల్లో పనిచేసి ఉంటే, పాత పెట్టెల్లో వాళ్ల నావికుడి పుస్తకమో, ఉత్తరమో, జీతం కాగితమో ఉందేమో చూడండి. అందులో ఓడ పేరు, తేదీ ఉంటే రాసిపెట్టుకుని, దగ్గర్లోని కళాశాల చరిత్ర విభాగానికి ఒక నకలు ఇవ్వండి.